సుత్తి ఎత్తే ముందు

మాది బుక్కపట్నం. శ్రీ సత్యసాయి జిల్లా. మా ఊరి చెరువు పెద్ద చెరువు. బుక్కరాయల పేరు మీదనే మా ఊరికి ఆ పేరు వచ్చిందని పెద్దలు చెప్తారు. చెరువు నిండిన ఏడాది మడికి నీళ్ళు. నిండని ఏడాది బెంగుళూరు బస్సు.

అట్ల బస్సెక్కిన వాళ్ళలో చాలామంది బేల్దారి పనికి పోతారు. కొత్త ఇల్లు కట్టే పని ఒక్కటే కాదు. పాత ఇల్లు పడగొట్టే పని, పాత టైల్సు తీసే పని, గోడ తొలిచే పని కూడా ఇప్పుడు చాలా ఉంది.

కట్టే పని నేర్పడానికి మేస్త్రి ఉంటాడు. పగలగొట్టే పని మాత్రం ఎవరూ నేర్పరు. "పగలగొట్టేదానికి ఏం నేర్చుకోవల్ల? సుత్తి తీసుకో, కొట్టు" అంటారు.

ఆ మాట తప్పు. ఎందుకు తప్పో మా ఇంట్లో జరిగిన సంగతి చెప్తాను.

మా ఇంట్లో ఏం జరిగింది?

మా ఇంట్లో మిద్దె పైన ఒక బాత్‌రూము ఉంది. ఇరవై ఏళ్ళ కిందట టైల్సు పరిచినారు. పోయిన ఏడాది వానాకాలం నుంచి కింద వంట గది పైకప్పులో చెమ్మ కనిపించింది. సున్నం పెచ్చులు రాలింది. టైల్సు అన్నీ తీసేసి కొత్తవి వేయించాలని మా అమ్మ అనుకుంది.

మా పక్కింటి పిల్లవాడు బెంగుళూరులో రెండేళ్ళు పని చేసి వచ్చాడు. "నేను తీసిపెడతా అత్తా" అన్నాడు. బాడుగకు ఒక బ్రేకర్ మిషన్ తెచ్చాడు. పెద్దది. బరువు 16 కిలోలు.

అప్పుడు మా మేనమామ ఉగాదికి ఊరికి వచ్చి ఉన్నాడు. ఆయన ముప్పై ఏళ్ళుగా బేల్దారి మేస్త్రి. మిషన్ చూసి దగ్గరికి వచ్చాడు.

"ఏమప్పా, ఇంత పెద్ద మిషన్ దేనికి?"

"టైల్సు తీసేదానికి మామా. అర్ధగంటలో అయిపోతుంది."

"టైల్సు అర్ధగంటలో పోతాయి. వాటితో పాటు ఇంకా ఏమేం పోతాయో చూసినావా?"

పిల్లవాడు మాట్లాడలేదు.

"టైలు కింద ఏముంది?"

"సిమెంటు, ఇసుక."

"దాని కింద?"

"స్లాబు."

"స్లాబు ఎంత మందం?"

"నాలుగైదు అంగుళాలు ఉంటాది."

"ఆ స్లాబు కింద మా అక్క వంట చేస్తాంది. ఈ మిషన్ రోడ్డు తవ్వేదానికి, పునాది పగలగొట్టేదానికి. నువ్వు దీన్ని స్లాబు మీద పెడితే టైలూ పగులుతుంది, స్లాబూ పగులుతుంది. నీళ్ళ పైపు కూడా పోతుంది."

తరువాత మామ ఒక మాట అన్నాడు. ఆ మాట నేను నోటు పుస్తకంలో రాసుకున్నాను.

"పగలగొట్టేదాన్ని చూసి పనిముట్టు ఎంచుకోవద్దు. పగలకుండా మిగలాల్సినదాన్ని చూసి ఎంచుకో."

ఆ దినం మామ పని చేస్తూ చాలా సంగతులు చెప్పాడు. నేను అడిగి రాసుకున్నాను. కొన్ని పుస్తకాలు కూడా చూశాను. సాయంత్రం పెద్దల బడిలో చదివి వినిపించాను. అవే ఇక్కడ రాస్తున్నాను.

ముందు మూడు ప్రశ్నలు

పనిముట్టు ముట్టుకునే ముందు మూడు ప్రశ్నలు వేసుకోవాలి.

ఒకటి. ఇది ఎంత మందం? మామూలుగా టైలు మందం ఒక సెంటీమీటరు లోపే. దాని కింద సిమెంటు మాలు ఒకటి రెండు అంగుళాలు ఉంటుంది. ఇంటి స్లాబు నాలుగైదు అంగుళాలు ఉంటుంది. మనం తీయాల్సింది పైన ఉన్న రెండు పొరలు. మూడో పొర మిగలాలి.

రెండు. దీని వెనక ఏముంది? నీళ్ళ పైపు ఉందా? కరెంటు తీగ ఉందా? కొళాయి ఎక్కడ ఉందో చూడండి. దానికి నేరుగా పైనా కిందా గోడలో పైపు ఉండవచ్చు. స్విచ్ బోర్డు ఎక్కడ ఉందో చూడండి. దానికి నేరుగా పైనా కిందా తీగలు ఉండవచ్చు. అక్కడ ముందుగా మిషన్ పెట్టకూడదు. పని మొదలు పెట్టే ముందు ఆ గదికి కరెంటు మెయిన్ దగ్గరే ఆపాలి. నీళ్ళ వాల్వు కట్టాలి.

మూడు. దీని మీద ఏం బరువు ఉంది? గోడ మీద స్లాబు ఆని ఉందా? ఊరికే అడ్డుగా కట్టిన గోడా? ఈ సంగతి తెలియకుండా గోడ ముట్టుకోకూడదు.

తట్టి చూడడం కూడా ఒక పరీక్షే. కట్టె పిడితో టైలు మీద మెల్లగా తట్టండి. గట్టి శబ్దం వస్తే టైలు కింద మాలు పట్టుకుని ఉంది. డొల్ల శబ్దం వస్తే కింద ఊడిపోయి ఉంది. డొల్లగా ఉన్న టైలు చేతి ఉలికే లేస్తుంది. దానికి మిషన్ అక్కరలేదు.

చేతి పనిముట్లు

టైల్సు పనికి ఒక కిలో సుత్తి చాలు. దానితో రెండు రకాల ఉలులు కావాలి.

మొన ఉలి: కొన సూదిగా ఉంటుంది. దెబ్బ బలమంతా ఒక చుక్క మీద పడుతుంది. బొక్క వేయడానికి, మొదటి పగులు తేవడానికి ఇది పనికి వస్తుంది.

వెడల్పు ఉలి: కొన పట్టె లాగా ఉంటుంది. దెబ్బ ఒక గీత మీద పడుతుంది. కింద దూర్చి పైకి లేపడానికి ఇది మంచిది.

చాలామంది అన్నిటికీ మొన ఉలే వాడతారు. టైలు కింద మొన ఉలి పెట్టి కొడితే అది కిందికే దిగుతుంది. స్లాబులోకి పోతుంది. వెడల్పు ఉలిని పడుకోబెట్టి కొడితే అది టైలు కిందికి పోతుంది. టైలు లేస్తుంది, స్లాబు మిగులుతుంది.

సమ్మెట నాలుగైదు కిలోలు ఉంటుంది. పునాది రాళ్ళకు, నేల మీద ఉన్న కాంక్రీటు దిమ్మెలకు అది సరి. ఇంటి లోపల గోడ మీద సమ్మెట వద్దు. ఆ దెబ్బ అదురు పక్క గోడకు పోతుంది. అక్కడి పూత పగుళ్ళు ఇస్తుంది.

గడ్డపార లేపడానికే. మిషన్‌తో అర్ధగంట కొట్టేదాన్ని ఒక్కోసారి గడ్డపార ఒక్క ఎత్తుకు లేపుతుంది. పొడుగు ఉండేకొద్దీ తక్కువ బలంతో ఎక్కువ బరువు లేస్తుంది.

దినమూ పని మొదలు పెట్టే ముందు సుత్తి పిడి చూడండి. వదులైన పిడి నుంచి సుత్తి ఎగిరిపోతుంది. మేకు కొట్టి, గుడ్డ చుట్టి సరిపెట్టవద్దు. కొత్త పిడి వేయండి.

టైల్సు తీసే తీరు

మా బాత్‌రూములో మామ ఇట్ల చేశాడు.

ముందు నేలంతా నీళ్ళు చల్లాడు. తడిగా ఉంటే దుమ్ము లేవదు.

తరువాత డొల్ల శబ్దం వచ్చే టైలు ఒకటి వెతికాడు. దాని నడుమ మొన ఉలితో కొట్టి పగలగొట్టాడు. ఆ ముక్కలు తీసేశాడు. ఇప్పుడు పక్క టైలుకు ఒక అంచు దొరికింది.

ఆ అంచు కింద వెడల్పు ఉలి పెట్టాడు. ఉలిని నిలబెట్టలేదు. నేలకు దాదాపు ఆనించి, వాలుగా పట్టుకున్నాడు. చిన్న చిన్న దెబ్బలు కొట్టాడు. టైలు కొన్నిచోట్ల నిండుగానే లేచి వచ్చింది.

"చూసినావా అబ్బీ! మొదటి టైలే కష్టం. అంచు దొరికితే తక్కినవి సులభం" అన్నాడు.

గోడ టైల్సు అయితే పై వరస నుంచి కిందికి తీయాలి. కింద నుంచి తీస్తే పైవి ఊడి చేతుల మీద పడతాయి. టైలు ముక్క అంచు కత్తి మాదిరి ఉంటుంది. చేతికి తొడుగు, కాలికి బూటు తప్పకుండా ఉండాలి. చెప్పులతో ఈ పని చేయకూడదు.

కొన్ని టైల్సు మాత్రమే తీసి తక్కినవి ఉంచాలా? అప్పుడు ముందు టైలు చుట్టూ సందులో ఉన్న సిమెంటును తీసేయాలి. సందు తెగితే పగులు పక్క టైలుకు పాకదు.

కాంక్రీటు గుణం

కాంక్రీటును నొక్కితే తట్టుకుంటుంది. లాగితే తట్టుకోలేదు. నొక్కే బలాన్ని ఎంత తట్టుకుంటుందో, లాగే బలాన్ని అందులో సుమారు పదో వంతే తట్టుకుంటుంది. అందుకే లాగుడు పడే చోట కాంక్రీటులో ఇనుప కమ్మీలు వేస్తారు.

ఈ గుణం తెలిస్తే పని సగం తగ్గుతుంది.

దిమ్మె నడుమ కొడితే ఏమవుతుంది? కాంక్రీటు చుట్టూ ఉన్న కాంక్రీటు దాన్ని పట్టుకుని ఉంటుంది. మన దెబ్బ నొక్కుడు మాత్రమే అవుతుంది. పొడి రాలుతుంది తప్ప ముక్క రాదు. అంచు నుంచి మూడు నాలుగు అంగుళాలు లోపల కొడితే? ఒక పక్క పట్టుకునేది ఏమీ లేదు. ముక్క ఆ పక్కకు విడిపోతుంది. ఉలి ఇరుక్కుపోతే మనం అంచుకు మరీ దూరంగా పెట్టామని అర్థం.

ఇది కొత్త విద్య కాదు. మన దగ్గర రాళ్ళు కొట్టే వడ్డెర వాళ్ళకు ఇది ఎప్పటి నుంచో తెలుసు. పెద్ద బండను వాళ్ళు సమ్మెటతో పిండి చేయరు. ఒక గీత మీద వరసగా చిన్న గుంతలు తొలుస్తారు. ఒక్కో గుంతలో ఇనుప చీల పెడతారు. వరసగా ఒక్కొక్క చీల మీద కొడుతూ పోతారు. చీలలు బండను రెండు పక్కలకు లాగుతాయి. బండ గీత ప్రకారం చీలుతుంది. హంపికి పోతే చూడండి. అక్కడి బండల మీద అట్లాంటి గుంతల వరసలు ఇప్పటికీ ఉన్నాయి.

కాంక్రీటు దిమ్మెకూ ఇదే పద్ధతి. డ్రిల్లింగ్ మిషన్‌తో వరసగా బొక్కలు వేయండి. చీలలు కొట్టండి. అదురు తక్కువ, దుమ్ము తక్కువ. పక్క ఇంటి గోడకు దెబ్బ తగలదు. అయితే లోపల కమ్మీలు ఉంటే దిమ్మె పగిలినా విడిపోదు. కమ్మీలను వేరేగా కోయాలి.

మిషన్లు: బరువు చూడండి, దెబ్బ చూడండి

మిషన్ దెబ్బ బలాన్ని జౌళ్ళలో చెప్తారు. సుమారు వంద గ్రాముల బరువును ఒక మీటరు ఎత్తు నుంచి వదిలితే పడే దెబ్బ ఒక జౌలు. కిలో బరువు పడితే సుమారు పది జౌళ్ళు. ఇది గుర్తు పెట్టుకుంటే లెక్క సులభం.

2, 3 కిలోల మిషన్: దెబ్బ సుమారు 3 జౌళ్ళు. బొక్కలు వేయడానికి, గోడ టైల్సు తీయడానికి సరి. తిరగకుండా కొట్టడం మాత్రమే చేసే మీట కూడా చాలా మిషన్లకు ఉంటుంది. ఉలి పెట్టేటప్పుడు ఆ మీట మార్చాలి.

5, 6 కిలోల మిషన్: దెబ్బ సుమారు 8 జౌళ్ళు. నేల టైల్సుకు, వాటి కింద మాలుకు, ఇటుక గోడ తొలచడానికి సరి.

10, 11 కిలోల మిషన్: దెబ్బ అంతకు రెండింతల పైనే. నేల మీద వేసిన మామూలు కాంక్రీటుకు, మందమైన గచ్చుకు సరి.

16 కిలోలు, అంతకు పైన: దెబ్బ 40 జౌళ్ళ దాకా ఉంటుంది. అంటే నాలుగు కిలోల గుండు మీటరు ఎత్తు నుంచి పడినంత. అట్లాంటి దెబ్బలు నిమిషానికి వెయ్యికి పైగా పడతాయి. ఇది రోడ్డుకు, పునాదికి, మిషన్ కింద గట్టి నేల ఉన్న చోటికి.

బరువైన మిషన్‌ను గోడ మీదికి ఎత్తి పట్టుకుని కొట్టకూడదు. దాన్ని కిందికి కొట్టడానికే చేశారు. గోడకు చిన్న మిషనే మంచిది. మనిషి అలసిపోతే మిషన్ జారుతుంది. పడేది కాలి మీదనే.

మిషన్‌ను బలంగా అదమవద్దు. దాని బరువే దానికి చాలు. అదిమితే పని పెరగదు. చేతికి అదురు పెరుగుతుంది. ఏళ్ళ తరబడి అదురు పట్టిన చేతివేళ్ళు తిమ్మిరెక్కుతాయి. చలిలో తెల్లబడతాయి. చొక్కా గుండీ కూడా పెట్టుకోలేరు. కొంతసేపు చేశాక మిషన్ ఇంకొకరికి ఇవ్వండి. చేతికి విరామం ఇవ్వండి.

మిషన్ తీగకు చీలికలు ఉండకూడదు. తడిలో పని కాబట్టి ఇంటి బోర్డులో ఆర్‌సీసీబీ అనే స్విచ్ ఉండడం చాలా ముఖ్యం. 30 మిల్లీ ఆంపియర్ల రకం పెట్టించాలి. కరెంటు కొంచెం దారి తప్పినా అది కన్ను మూసి తెరిచేలోగా ఆపేస్తుంది. దీని ఖర్చు మనిషి ఖర్చు కంటే ఎక్కువ కాదు.

చక్రం మీద అంకె చదవండి

కోసే మిషన్‌కు, గ్రైండర్‌కు చక్రం ఉంటుంది. చక్రం మీద ఒక అంకె రాసి ఉంటుంది. దాని పక్కన ఆర్‌.పీ.ఎం. అని మూడు ఇంగ్లీషు అక్షరాలు ఉంటాయి. నిమిషానికి ఎన్ని చుట్లు అని దాని అర్థం. ఆ చక్రం అంతకంటే వేగంగా తిరగకూడదు. మిషన్ మీద కూడా అట్లాంటి అంకె ఉంటుంది. అది మిషన్ తిరిగే వేగం.

చక్రం మీది అంకె మిషన్ మీది అంకె కంటే ఎప్పుడూ తక్కువ ఉండకూడదు.

నాలుగు అంగుళాల గ్రైండర్ నిమిషానికి సుమారు 11,000 చుట్లు తిరుగుతుంది. ఏడు అంగుళాల చక్రం సుమారు 8,500 చుట్లు మాత్రమే తట్టుకుంటుంది. "పెద్ద చక్రం పెడితే లోతుగా కోస్తుంది" అని కొందరు చిన్న గ్రైండర్‌కు అడ్డుతొడుగు విప్పేసి పెద్ద చక్రం బిగిస్తారు. ఆ చక్రం పగిలి ముక్కలు ముఖం మీదికి, మెడ మీదికి వస్తాయి.

మా మామకు ముందు చదువు లేదు. రాత్రి బడిలో అక్షరాలు నేర్చుకున్నాడు. "నేను మొదట చదివింది పేపరు కాదు కోడలా. చక్రం మీది అంకె" అంటాడు.

చక్రాల్లో రకాలు కూడా ఉన్నాయి. టైలుకు, కాంక్రీటుకు డైమండ్ బ్లేడు. కమ్మీకి ఇనుము కోసే చక్రం. కట్టె కోసే పళ్ళ చక్రం గ్రైండర్‌కు ఎప్పుడూ పెట్టవద్దు. చక్రం మీద గడువు తేదీ ఉంటే అది కూడా చూడండి. పగులు ఉన్న చక్రాన్ని, నీళ్ళలో నానిన ఇనుము కోసే చక్రాన్ని పారేయండి.

వీటి జోలికి పోవద్దు

దూలం, స్తంభం: వీటి మీదే ఇల్లు నిలబడుతుంది. ఇంజనీరు చూడకుండా వీటిని తొలచకూడదు. "పైపు పోయేదానికి కొంచెమే" అని యజమాని అన్నా ఒప్పుకోవద్దు.

కిటికీ పైన సన్‌షేడు: దీనికి ఒక పక్కే ఆసరా ఉంటుంది. దాని కమ్మీలు పై భాగంలో ఉంటాయి. పైన నిలబడి ఆ కమ్మీలు కోస్తే మనిషితో సహా కింద పడుతుంది. ముందు కింద గట్టి ఆసరాలు పెట్టాలి. దాని మీద నిలబడకూడదు. కొస నుంచి గోడ వైపుకు కొంచెం కొంచెంగా తీయాలి.

స్లాబు: ఏ భాగం పగలగొడుతున్నామో ఆ భాగం మీద నిలబడకూడదు. కింద ఎవరూ ఉండకూడదు. పైన రాలిన ముక్కలు కుప్ప పోయకూడదు. కుప్ప బరువుకే పాత స్లాబు కూలిపోతుంది.

సిమెంటు రేకులు: పాత సిమెంటు రేకుల్లో ఆస్‌బెస్టాస్ అనే నార ఉంటుంది. పగలగొడితే, కోస్తే ఆ నార గాలిలో లేస్తుంది. ఊపిరితిత్తుల్లో చేరి క్యాన్సరు తెస్తుంది. రేకును తడిపి, బోల్టులు విప్పి, నిండుగా దించాలి.

కన్ను, ఊపిరి

మా మామకు ఎడమ కన్ను కనిపించదు.

పన్నెండేళ్ళ కిందట ఒక ఇంట్లో ఉలితో పని చేస్తున్నాడు. ఆ ఉలి పాతది. కొట్టీ కొట్టీ దాని తల పుట్టగొడుగు మాదిరి విచ్చుకుంది. "ఈ పూటకు గడవనీ" అనుకున్నాడు. సుత్తి దెబ్బకు ఆ విచ్చిన అంచు నుంచి ఒక ఇనుప పెళ్ళ ఎగిరింది. గోధుమ గింజలో సగం ఉంటుందేమో. కంట్లో దిగింది. ఆపరేషన్ చేసి పెళ్ళ తీశారు. చూపు రాలేదు.

విచ్చుకున్న ఉలి తలను గ్రైండర్ మీద అరగదీస్తే ఐదు నిమిషాల పని. కంటి అద్దాల ఖర్చు ఒక పూట కూలి కూడా కాదు.

మా పక్కింటి పిల్లవాడు ఆ దినం అద్దాలు పెట్టుకోలేదు. మామ తన అద్దాలు తీసి వాడికి ఇచ్చాడు. "నాకు ఒకటే ఉంది. నీకు రెండు ఉండాయి. రెండూ ఉంచుకో" అన్నాడు. వాడు మాట్లాడకుండా పెట్టుకున్నాడు.

కంటికి తగిలిన దెబ్బ వెంటనే తెలుస్తుంది. ఊపిరికి తగిలేది వెంటనే తెలియదు.

ఇసుకలో, రాతిలో, కాంక్రీటులో, టైలులో సిలికా ఉంటుంది. కోసినప్పుడు, కొట్టినప్పుడు అది దుమ్ముగా లేస్తుంది. కంటికి కనిపించే దుమ్ము ముక్కులో ఆగుతుంది. కనిపించని దుమ్ము లోపలికి పోతుంది. అది వెంట్రుక మందంలో పదో వంతు కంటే సన్నం. ఊపిరితిత్తుల్లో మచ్చలు కట్టిస్తుంది. ఈ జబ్బు పేరు సిలికోసిస్. మచ్చలను పోగొట్టే మందు లేదు. ఈ జబ్బు ఉన్నవారికి టీబీ సులభంగా పట్టుకుంటుంది. సిలికా దుమ్ము వల్ల క్యాన్సరు వస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సరు పరిశోధన సంస్థ 1997లోనే తేల్చింది.

మామతో కలిసి పని చేసిన జతగాడు ఒకాయన ఉన్నాడు. పదిహేనేళ్ళు గ్రైండర్‌తో పొడిగా గోడలు కోశాడు. ఇప్పుడు పది మెట్లు ఎక్కితే కూర్చుంటాడు.

ఏం చేయాలి?

తడిపి పని చేయండి. మొదటి మందు నీళ్ళే. కోసేటప్పుడు నీళ్ళు వదిలే ఏర్పాటు ఉన్న మిషన్ వాడండి. మామూలు గ్రైండర్ మీద నీళ్ళు పోయవద్దు, షాకు కొడుతుంది.

తువ్వాలు చాలదు. తువ్వాలు కనిపించే దుమ్మునే ఆపుతుంది. ఎన్95 అని రాసి ఉన్న మాస్కు పెట్టుకోండి. ముక్కు దగ్గర సందు లేకుండా నొక్కండి.

పొడిగా ఊడ్చవద్దు. నీళ్ళు చల్లి ఊడ్చండి.

దుమ్ము బట్టలతో ఇంట్లోకి పోవద్దు. పిల్లలను ఎత్తుకోవద్దు. ముందు బట్టలు మార్చండి.

చెవులకు కూడా రక్షణ కావాలి. బ్రేకర్ దగ్గర పక్క మనిషి మాట అరిచినా వినపడదు. అంత శబ్దంలో దినమూ పని చేస్తే వినికిడి తగ్గుతుంది. చెవి బిరడాలు పెట్టుకోండి.

పేరు రాయించుకోండి

భవన నిర్మాణ కార్మికుల కోసం 1996లో కేంద్ర ప్రభుత్వం చట్టం చేసింది. దాని ప్రకారం రాష్ట్రాలలో సంక్షేమ బోర్డులు ఏర్పడ్డాయి. 18 ఏళ్ళు నిండి 60 లోపు వయసు ఉండాలి. ముందటి పన్నెండు నెలల్లో 90 దినాలు ఈ పని చేసి ఉండాలి. అట్లాంటి వారు బోర్డులో పేరు నమోదు చేసుకోవచ్చు. 2020లో చేసిన సామాజిక భద్రతా కోడ్‌లో కూడా ఈ నియమం ఉంది. పగలగొట్టే పని కూడా నిర్మాణ పని కిందికే వస్తుంది. ఆడవాళ్ళకూ ఈ హక్కు ఉంది. తట్ట మోసే అక్క కూడా కార్మికురాలే.

లేబరు ఆఫీసులో అడగండి. ఫారం మీరే చదివి, మీరే సంతకం పెట్టండి. మీరు ఏ దినం, ఎక్కడ, ఎవరి దగ్గర పని చేశారో చిన్న పుస్తకంలో రాసి పెట్టుకోండి. 90 దినాల లెక్క అడిగితే ఆ పుస్తకం ఆసరా అవుతుంది.

ముక్కలు ఎక్కడ పోయాలి?

పై నుంచి ముక్కలు కిందికి విసరవద్దు. గంపలో, సంచిలో దించండి.

రాత్రి పూట ట్రాక్టరులో తెచ్చి చెరువులో పోసి పోయేవాళ్ళు ఉన్నారు. చెరువు పూడితే నీళ్ళు తగ్గుతాయి. నీళ్ళు తగ్గితే మళ్ళీ బెంగుళూరు బస్సే. ఇంటి ముక్కలు ఇంటికే వాడండి. కొత్త నేల కింద నింపడానికి, వాకిట్లో గుంత పూడ్చడానికి అవి పనికి వస్తాయి. తెల్ల టైలు ముక్కలను మిద్దె పైన పరిస్తే ఎండ వేడి తగ్గుతుంది.

చివరికి ఏమైంది?

పెద్ద మిషన్‌ను ఆ పిల్లవాడు తిరిగి ఇచ్చేశాడు. 5 కిలోల మిషన్ తెచ్చాడు. డొల్ల టైల్సు ఉలితో, గట్టి టైల్సు మిషన్‌తో తీశారు. అర్ధగంట పని దినంన్నర పట్టింది.

రెండో దినం పొద్దున మూల టైలు కింద మాలు తీస్తుంటే పైపు కనిపించింది. నీళ్ళు బయటికి పోయే పైపు. దాని అతుకు వదులై ఉంది. చెమ్మ అంతా అక్కడి నుంచే వస్తోంది. టైల్సు తప్పు కాదు, అతుకు తప్పు.

"పెద్ద మిషన్ పెట్టి ఉంటే ఈ పైపు నుజ్జు అయ్యేది. అది మన వల్ల పగిలిందో, ముందే కారుతాందో ఎప్పటికీ తెలిసేది కాదు. కొత్త టైల్సు కింద మళ్ళీ చెమ్మ వచ్చేది" అన్నాడు మామ.

అతుకు సరిచేశారు. కొత్త టైల్సు వేశారు. ఈ వానాకాలం వంట గది పైకప్పు పొడిగా ఉంది.

ఇప్పుడు ఆ పిల్లవాడు మళ్ళీ బెంగుళూరులో ఉన్నాడు. పోయే ముందు మా ఇంటికి వచ్చి అద్దాలు తిరిగి ఇవ్వబోయాడు. మామ తీసుకోలేదు.

గుర్తుంచుకుందాం

ఏది మిగలాలో చూసి పనిముట్టు ఎంచుకోవాలి.
నడుమ కాదు, అంచు నుంచి మొదలు పెట్టాలి.
చిన్న పనిముట్టుతో అయ్యే పనికి పెద్దది వద్దు.
చక్రం మీది అంకె చదవాలి.
కంటికి అద్దాలు, ముక్కుకు మాస్కు, నేలకు నీళ్ళు.

చెప్పండి

1. టైలు కింద వెడల్పు ఉలి ఎందుకు వాడాలి?
2. సన్‌షేడు కమ్మీలు ఏ భాగంలో ఉంటాయి? దాని వల్ల ఏ ప్రమాదం ఉంది?
3. తువ్వాలు దుమ్మును ఎందుకు ఆపలేదు?

లెక్క చేయండి

1. ఒక మిషన్ నిమిషానికి 11,000 చుట్లు తిరుగుతుంది. మీ దగ్గర రెండు చక్రాలు ఉన్నాయి. ఒకదాని మీద 15,000 అని ఉంది. ఇంకొకదాని మీద 8,500 అని ఉంది. ఏది బిగిస్తారు?
2. ఒక బ్రేకర్ నిమిషానికి 1,300 దెబ్బలు కొడుతుంది. పది నిమిషాల్లో మీ చేతులు ఎన్ని అదురులు తట్టుకోవాలి?

చేయండి

మీ ఇంట్లో ఉన్న సుత్తి, ఉలి తెచ్చి చూడండి. పిడి వదులుగా ఉందా? ఉలి తల విచ్చుకుని ఉందా? ఉంటే ఈ దినమే సరిచేయించండి.